జత కాయలు, ఆఖరి పద్యం

మా అత్తగారు పద్యమంటే చెవి కోసుకుంటారు. టిక్కెట్టు కొనమంటే మాత్రం ఆ చెవే వినపడదు.

అమలాపురంలో మా వీధి చివర కొబ్బరికాయల కొట్టు ఒకటుంది. దాని యజమానికి పద్యనాటకాల పిచ్చి. ఇరవై ఏళ్ళుగా ఒకే నాటకంలో రాజు వేషం వేశారు. ఆదివారం మధ్యాహ్నాలు కొట్టు వెనక గోడౌన్లో, కాయల రాశుల మధ్య హార్మోనియం పెట్టుకుని రిహార్సల్స్ చేసేవారు. ఒకప్పుడు ఆ నాటకాన్ని తీర్థాల్లో, జాతరల్లో ఉచితంగా ఆడేవారు. అత్తగారు చాప పట్టుకెళ్ళి ముందు వరసలో కూర్చునేవారట. ఏసీ హాలూ టిక్కెట్లూ వచ్చాక వెళ్ళడం మానేశారు.

"చాప మీద కూచుని విన్న పద్యానికి కుర్చీ అద్దె ఇవ్వాలా?" అని ఆవిడ వాదం.

మానేసింది హాలుకి వెళ్ళడమే, నాటకం కాదు. మా పెరట్లో నాలుగు కొబ్బరిచెట్లున్నాయి. దింపు తీయించిన కాయలన్నీ ఒకేసారి అమ్మేస్తే గొడవ వదులుతుంది. అత్తగారు అలా అమ్మరు. ఆదివారానికి ఒక జత చొప్పున సంచిలో వేసుకుని, నన్ను తోడు తీసుకుని, సరిగ్గా హార్మోనియం మొదలయ్యే వేళకి కొట్టుకి బయలుదేరేవారు. లారీల కొద్దీ సరుకెత్తే కొట్టులో రెండు కాయలు అమ్మడమంటే నాకు తల కొట్టేసినట్టుండేది. గుమాస్తా నవ్వు దాచుకుంటూ బల్ల చూపించేవాడు. అత్తగారు ఒక్కో కాయనీ చెవి దగ్గర ఊపి, "నీళ్ళు చూడవయ్యా ఎలా ఉన్నాయో" అంటూ బేరం సాగదీసి రెండంకాలు వినేసేవారు. పాట విని, పైగా డబ్బులు తెచ్చుకునేవారు. రెండు నెలలు తిరిగేసరికి సంచి పట్టుకుని ముందుగా గుమ్మంలో నిలబడేది నేనే.

ఈ ఏర్పాటులో ఒకటే లోటు, ఆఖరి పద్యం. రాజు తన కిరీటం కొడుకు తలమీద పెట్టి అడవికి వెళ్ళిపోతూ పాడేది. రిహార్సల్లో అక్కడిదాకా వచ్చి హార్మోనియం మూసేసేవారు. ముగింపు ముందే పాడితే అచ్చిరాదని వాళ్ళ నమ్మకం. అత్తగారు ఆ పద్యం విని ఆరేళ్ళయింది.

కిందటేడు ఒక కబురు తెలిసింది. ఇక స్టేజి మీద పాడొద్దని రాజుగారికి డాక్టరు చెప్పారట, వచ్చే ఆదివారం సాయంత్రం ఆటే ఆఖరుది. అత్తగారికి ఆ పూట అన్నం సహించలేదు. నాచేత డజను కాయలు మోయించి కొట్టుకి వెళ్ళారు.

"ఆ ఒక్క పద్యం అనేసెయ్యి నాయనా, ఎవరికీ చెప్పనులే."

"ఇంకేదైనా అడగండి పిన్నిగారూ. అది మాత్రం స్టేజి మీదేనండి," అన్నారాయన దణ్ణం పెట్టి.

ఆదివారం వచ్చింది. అలవాటుకొద్దీ జత కాయలు సంచిలో వేసుకునే హాలు దగ్గరికి వెళ్ళాం. అత్తగారు కొంగుముడి విప్పి, మడతలు పడ్డ నోట్లు తీసి కౌంటరు మీద పెట్టారు. నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను.

"అయిపోయాయండి," అన్నాడు లోపలి మనిషి.

ఆవిడ ఆ నోట్లు మళ్ళీ ముడి వేసుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ ఆవిడ పీనాసితనం చూసి నవ్వుకున్నందుకు సిగ్గేసింది కూడా.

అంతలో గుమాస్తా చెమటలు కక్కుతూ బయటికి పరిగెత్తుకొచ్చాడు. తెర తీసే ముందు పూజ చేసి కాయ కొట్టాలి. గోడౌన్నిండా వేల కాయలున్న ఆ మనుషుల్లో ఒక్కరూ కొబ్బరికాయ తేలేదు. ఎవరికి వారే రెండోవాడు తెస్తాడనుకున్నారట!

"అమ్మగారూ, ఆ సంచిలో కాయలేనాండీ? ఇలా ఇచ్చెయ్యండి!"

అత్తగారు సంచి వెనక్కి లాక్కున్నారు. "ఇవ్వాళ ఇవి అమ్మకానికి కాదు. పద, నేనే పట్టుకొస్తాను."

అలా మేమిద్దరం స్టేజి పక్కన, తెర లాగే అబ్బాయి వెనక, దుస్తుల పెట్టె మీద కూర్చుని నాటకమంతా చూశాం. ఆఖరి పద్యం వచ్చింది. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. రాజుగారు చివరి రాగం అందుకుని నిలబెట్టారు. హాలంతా లేచి "వన్స్ మోర్" అని కేకలు.

"మీరూ అనండి అత్తయ్యగారూ, ఇంకోసారి పాడతారు."

ఆవిడ కళ్ళు తెరిచి చూశారు. రాజుగారు జనానికి నమస్కారం పెడుతూనే రెండో చేత్తో గొంతు పట్టుకుని ఉన్నారు.

"వద్దే. పాపం, నొప్పెడుతోంది," అని ముందుకి వంగి, "తెర వేసెయ్యి బాబూ," అన్నారు అత్తగారు. ఆ అబ్బాయి వేసేశాడు.

తరవాతి ఆదివారం అత్తగారు మామూలుగా సంచి తీశారు. రిహార్సల్స్ లేవుగా అన్నా వినలేదు. కొట్టులో రాజుగారు ఒక్కరే ఉన్నారు. మమ్మల్ని చూసి అటక మీంచి హార్మోనియం దించారు.

"ఇంక దాచుకునేదేముందండి పిన్నిగారూ," అని, కాయల రాశికి ఆనుకుని, లోగొంతుతో ఆఖరి పద్యం మొత్తం పాడారు. అత్తగారు చేతిలో కాయ ఊపడం మరిచిపోయి విన్నారు.

ఇంటికొస్తుంటే చూసుకున్నాను. కాయలు కొట్టులోనే ఉండిపోయాయి, సంచి ఖాళీ.

"డబ్బులు పుచ్చుకోలేదేమండీ?"

అత్తగారు నడక ఆపి, ఇన్నేళ్ళూ ఆ పని చేసింది నేనే అన్నట్టు నన్ను ఎగాదిగా చూశారు.

"పాట విని, పైగా డబ్బులు కూడా పుచ్చుకుంటారటే ఎవరైనా?"