పిలవకముందే లేచిన గీతలు

నా రెండు చేతుల మీద ఒట్టు. నవ్వకండి... నాకు ఇంతకంటే పెద్ద ఒట్టు లేదు. ఈ చేతులతోనే నా బతుకు నడుస్తోంది. రోజూ ఎవరో ఒకరి తలకు పేస్టు రాసి, తీగలు అంటించి, మెదడులో కరెంటు ఎలా కదులుతోందో మెషిన్‌లో గీతలుగా తీయడం నా పని. ఈఈజీ అంటారే, అదే. దయ్యం పట్టిందని చెప్పి పిల్లల్ని నా ముందు కూర్చోబెడతారు. చూస్తే ఫిట్స్ అని తేలుతుంది. మందులు రాయించుకుని పోతారు. దయ్యాల కథలు ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. అయినా ఆ రాత్రి జరిగింది జరిగినట్టే చెప్తున్నాను. ఒక్క ముక్క కలపను.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల... ఈ మూడు ఊళ్లకూ మా దగ్గర సంచిలో పట్టే మెషిన్ ఒకటే ఉంది. ఎక్కడ అవసరమైతే అక్కడికి దాన్ని మోసుకుపోయేది నేనే. ఆ రోజు పొద్దంతా సిరిసిల్లలో తిరిగి జగిత్యాల వచ్చాను. అన్నం కలుపుకున్నానో లేదో ఫోన్. కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి డాక్టరు.

"ఐసీయూల గంగారాం అని ఒకాయన ఉన్నడమ్మా. బండి మీదినుంచి పడ్డడు. తలకు దెబ్బ. వెంటిలేటర్ మీద ఉన్నడు. పొద్దుగాల ఇంటికి తీస్కపోతమంటున్నరు. మెదడు పనిజేస్తుందో లేదో నువ్వొకసారి చూడు. ఏమన్న కదిలితె మాత్రం తీస్కపోకుంట ఆపుదం."

అర్థమైందిగా... గీతలు సాపుగా, ఏ ఎగుడుదిగుడూ లేకుండా వస్తే పొద్దున ఊపిరి గొట్టం తీసేసి ఇంటికి పంపుతారు. ఏదైనా కదిలితే ఉంచుతారు. ఇలాంటి పనికి పోయేటప్పుడు నాకు అన్నం సహించదు. చెయ్యి కడిగేసుకుని బయలుదేరాను.

రాత్రే ఎందుకంటారా? ఈ పరీక్షకు మెషిన్ సెన్సిటివిటీని బాగా పెంచి పెట్టాలి. అప్పుడు అది ప్రతిదీ పట్టుకుంటుంది. గుండె కొట్టుకున్నా పడుతుంది. పక్క మంచం దగ్గర పంపు తిరిగినా, ఎవరైనా ధబధబా నడిచినా పడుతుంది. పగటి సందడిలో అయ్యే పని కాదు.

ఐసీయూలో ఆ రాత్రి ఆయన ఒక్కడే. సుజాత అని నైట్ డ్యూటీ నర్సు, నాకు పరిచయమే. ఇద్దరం కలిసి ఫోన్లు బయట పెట్టేశాం. పరుపులో గాలి నింపే పంపు ఆపేశాం. టేపుతో తల కొలిచి, గుర్తులు పెట్టి, తీగలు అంటించాను. ఆయన నుదురు వెచ్చగా ఉంది. యాభై దాటిన మనిషి. గోళ్ల సందుల్లో ఇంకా పసుపు రంగు. పసుపు చేను నుంచి ఇంటికి వస్తూ పడ్డాడట.

మెషిన్ వేశాను. సాపు. అన్ని గీతలూ సాపు. అడుగున గుండెది ఒక్కటే చిన్నగా ఎగిరిపడుతోంది. వెంటిలేటర్ ఉస్సు... అంటోంది. ఆగుతోంది. మళ్లీ ఉస్సు...

చెవి దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టాను. సాపు. గోరు మీద పెన్నుతో నొక్కాను. సాపు. రెప్పలు ఎత్తి కళ్ల మీద లైటు మెరిపించాను. సాపే. ఇక పేరు పెట్టి పిలవాలి. "గంగారాం గారూ! ఓ గంగారాం గారూ!" రెండు చెవుల్లోనూ అరిచాను. ఏమీ లేదు.

"నీ గొంతు ఆయనకేం ఎరుకక్కా? బయట భార్య ఉన్నది, రాజవ్వ. ఆమెతోని పిలిపిస్త" అంది సుజాత.

రాజవ్వ వచ్చింది. చెప్పులు బయటే విడిచి, ఉత్త కాళ్లతో వచ్చి మంచం కాళ్ల వైపు నిలబడింది. మంచానికి జానెడు దూరంలో. దేన్నీ తాకలేదు... ఇది గుర్తుపెట్టుకోండి.

"పేరు పెట్టి గట్టిగా పిలువు అవ్వా" అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంటాయన పేరెట్ల తీస్త బిడ్డా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. మనిషి ఉన్నాడో లేడో తేలే వేళ ఈ సిగ్గేంటి! "పానం మీదికొచ్చినంక గవన్ని జూస్తరా? పోనీ, ఇంట్ల ఎట్ల పిలుస్తవో గట్లనే పిలువు."

"ఎన్నడు పిలువలే బిడ్డా. ఆయన పొలంల ఉన్నా, కొట్టంల ఉన్నా, అచ్చి నిలవడ్త. నేనచ్చిన్నని ఆయనకు తెలుస్తది. ఎన్కకు మర్రకుంటనే, తల తిప్పకుంటనే మాట్లాడ్తడు."

ఏదో అనబోతూ స్క్రీన్ వైపు తిరిగాను.

గీతలు లేచి ఉన్నాయి.

గబుక్కున ఎగిరినట్టు కాదు. నిదానంగా... అన్నీ ఒక్కసారే... చిన్న చిన్న అలలు. చూస్తుండగానే తగ్గి, పడిపోయాయి. మళ్లీ సాపు.

నేను నమ్మలేదు. మాకు ఇది అలవాటే. తీగ ఊగినా అలలు వస్తాయి, నేల అదిరినా వస్తాయి. ప్రతి తీగా నొక్కి చూశాను. అన్నీ గట్టిగానే అంటుకుని ఉన్నాయి.

సుజాతను పక్కకు పిలిచాను. "ఈమెను బయటికి తీస్కపో. నీకు ఎప్పుడు బుద్ధి పుడితె అప్పుడు పంపు. నాకు చెప్పకు."

తలుపు మూశారు. తలుపు అద్దానికి పరదా ఉంది. నాకు బయటిది ఏదీ కనిపించదు. ఆయనా, నేనూ, మెషిన్. ఉస్సు... ఆగింది. ఉస్సు... నా గుండె చప్పుడు కూడా గీతల్లో పడుతుందేమో అనిపించి కుర్చీ కొంచెం వెనక్కి జరిపాను.

సాపు.

సాపు...

లేచాయి.

అవే అలలు. అలలు పోతూనే ఉన్నాయి... అప్పుడు, అవి లేచాక, తలుపు గడియ కదిలింది. రాజవ్వ లోపలికి వచ్చింది.

మీకు ఎలా చెప్పాలి... తలుపు తీయకముందు లేచాయి. ఆమెను చూసి నేను భయపడ్డాను. ఆమె తప్పేముంది పాపం, అయినా భయపడ్డాను. "మళ్ల బయటికి పో అవ్వా, ఇంకొక్కసారి" అన్నాను.

ఈసారి చాలాసేపు ఏమీ లేదు. నా మెడ పట్టేసింది. ఇక ఆపేద్దామని మౌస్ మీద చెయ్యి వేశాను.

లేచాయి. ముందటి రెండుసార్ల కంటే పెద్దవి. నేను తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తెరుచుకుంటుంది... ఇప్పుడు... గీతలు అలా పోతూనే ఉన్నాయి. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

లేచి వెళ్లి నేనే తీశాను. సుజాత ఒక్కతే నిలబడి ఉంది.

"ఏమైందక్కా? ఆమె ఈడ లేదు. మొఖం కడుక్కొస్తనని కిందికి పొయ్యింది."

సుజాతను లోపల ఉండమని మెట్లు దిగాను. సగం దిగాక కనిపించింది. మెట్టు మీద కూర్చుని ఉంది, నాకు వీపు పెట్టి. నేను ఇంకో మెట్టు దిగానో లేదో, తల తిప్పకుండానే "మళ్ల అచ్చినవా?" అంది.

ఆ గొంతు... ఏళ్ల తరబడి కలిసి ఉన్న మనిషితో మాట్లాడే గొంతు. నాతో మాట్లాడింది కాదు. నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"నేనవ్వా..."

చటుక్కున తిరిగింది. నన్ను చూసింది. నా వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని పైకి కూడా చూసింది.

"నువ్వా బిడ్డా... జరసేపాయె, ఎన్కకచ్చి నిలవడ్డడు. ఎన్కకు మర్రి జూస్తె పోతడని సూడలే."

ఒట్టు... ఆమె అన్న మాటలు ఇవే. రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి ఉరికాను. గీతలు సాపుగా ఉన్నాయి. ఆ తర్వాత రాజవ్వ ఎన్నిసార్లు వచ్చినా, మంచం పక్కనే ఎంతసేపు నిలబడినా, తెల్లారేదాకా ఒక్క గీత కదల్లేదు.

పొద్దున డాక్టరు వచ్చి రికార్డింగ్ అంతా చూశారు. "నడకకు నేల అదిరి తీగలు ఊగుంటయమ్మా. మెదడుది కాదిది" అన్నారు.

"ఆమెకు కాళ్లకు చెప్పులు గూడ లేవు సార్. మూడోసారి తలుపు కాడ ఆమె లేనే లేదు."

ఆయన కుర్చీ లాక్కున్నారు. "మళ్ల పెట్టు" అన్నారు. పెట్టాను. ఆయన కూడా నా పక్కనే కూర్చుని చూశారు. సాపు. అన్నీ సాపే. ఇక ఆయన మాత్రం ఏం చేస్తారు! రిపోర్టు మీద సంతకం పెట్టారు.

కింద బండి సిద్ధంగా ఉంది. చుట్టాలు వచ్చేశారు. నేను తీగలు తుడిచి సంచిలో పెడుతుంటే రాజవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అంత గట్టిగా నన్నెవరూ పట్టుకోలేదు.

"రాత్రంత నువ్వే సూస్తివి బిడ్డా. ఉన్నడా? నువ్వు ఉన్నడంటె నేను తీస్కపోను. వాళ్లెన్నన్న అననీ."

ఉన్నాడు అనడానికి నా దగ్గర ఏముంది? లేడు అనడానికి మాత్రం ఏముంది? అన్నీ నా కళ్లతో చూసి కూడా... "నాకు తెల్వదవ్వా" అన్నాను. ఏడుపొచ్చింది.

ఆమె నా చెయ్యి వదిలేసింది. "నాకు తెలుసు తియ్" అంది. అని, చెప్పులు వేసుకుని బండి వైపు నడిచింది.

ఉన్నాడని తెలుసో... లేడని తెలుసో... అడగాల్సింది. నేను అడగలేదు. బండి వెళ్లిపోయింది.