నా ఫోటో లేని ఫ్లెక్సీ

శనివారం పొద్దున ఆమె చేపల గంపతో మైపాడు ఆటో దిగి మా వీధిలోకి వస్తుంది. గంప దించకముందే "సిస్టరమ్మా" అని కేకేస్తుంది. చందువలో, వంజరం ముక్కలో, ఏమీ పడని వారమైతే గుప్పెడు కవళ్ళో కవర్లో కట్టి మా గడప మీద పెడుతుంది. డబ్బిస్తే తీసుకోదు, వద్దంటే వినదు. ఆమె వెళ్ళాక ఆ కవరు పట్టుకుని వంటింట్లో నిలబడతాను. వండుకుంటే గొంతు దిగదు. పారేయడానికి చెయ్యి రాదు. చివరికి పక్కింటివాళ్ళకు ఇచ్చేస్తాను. వాళ్ళు నన్ను చాలా మంచిదాన్నని అనుకుంటున్నారు.

ఆమె భర్తకు కుడి పాదం ముందు సగం లేదు. అది ఎలా పోయిందో చెప్పాలంటే ముందు ఒక ఫ్లెక్సీ సంగతి చెప్పాలి.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా రిటైరయ్యాను. ఆ రోజు సభలో నాకు కప్పిన శాలువా అంతకు ముందు ఇంకెవరికో కప్పి మడిచి పెట్టింది. మడత మీద గంధం మరక ఉంది. ఇలాంటివి నేను మర్చిపోను. మర్చిపొమ్మని చెప్పేవాళ్ళందరూ ఆ శాలువా కప్పినవాళ్ళే అయి ఉంటారు.

రిటైరయ్యాక మా చర్చికి వచ్చే ఒక పెద్ద డాక్టరు గారు, మందుల షాపు నడిపే భాయి, నేను కలిసి సముద్రం ఒడ్డు జాలర్ల పాళేలకు వెళ్ళే వైద్య వాలంటీర్ల జట్టు పెట్టాం. పెట్టాం అంటున్నాను గాని, ఫోన్లు చేసింది నేను. నర్సింగు కాలేజీ ప్రిన్సిపాలు ఎదుట కూర్చుని ఆడపిల్లల్ని పంపమని ఒప్పించింది నేను. "మీరు వెంట ఉంటేనే పంపుతాను" అని ఆవిడ షరతు పెట్టారు. షుగరు చూడటం, పుండు కడిగి కట్టు కట్టడం, వరదొస్తే ఏ నీళ్ళు తాగకూడదో ఇంటింటికీ చెప్పడం, కదల్లేని ముసలివాళ్ళను ఎక్కడ పట్టుకుని లేపాలో చూపించడం, అన్నీ నేనే నేర్పాను. డాక్టరు గారు వచ్చి కుర్చీలో కూర్చునే సరికి చుట్టూ అన్నీ అమరి ఉండేవి. అవి వాటంతటవే అమరుతాయని ఆయన నమ్మకం.

శిబిరం ఎప్పుడూ ఆదివారమే. పిల్లలకు కాలేజీ ఉండదు. పాళెంలో చాలామంది చర్చికి వెళ్ళేవాళ్ళు కాబట్టి ఆ రోజు వేటకు పోరు, మగవాళ్ళు దొరుకుతారు.

అలాంటి ఒక ఆదివారానికి మూడు రోజుల ముందు ఆమె ఫోన్ చేసింది. "సిస్టరమ్మా, మా ఆయన కాల్లో జెల్ల చేప ముల్లు దిగిందిమా. వేలు నల్లంగా అయిపోయింది. నొప్పి మాత్రం ల్యాదంటాడు."

ఆయనకు షుగరు. షుగరు మనిషి నొప్పి లేదంటే అది మంచి కబురు కాదు. వెంటనే నెల్లూరు తీసుకురమ్మన్నాను.

"రాడుమా. నొప్పి ల్యాని దానికి ఆస్పత్రేంది అని నా మీదకే లేస్తాడు. ఆదివారం మీరొస్తారు గదా. మీరు అరిస్తే వింటాడు."

"సరే. నడవనీకు, తడి తగలనీకు. ఆదివారం చూసి అక్కణ్ణుంచే నాతో తీసుకొస్తాను" అన్నాను.

మర్నాడు మందుల షాపుకు ఫ్లెక్సీ వచ్చింది. నడిమధ్య డాక్టరు గారు దండం పెడుతున్నారు. ఆయన పక్కన భాయి. కింద వరసలో మందులిచ్చినవాళ్ళు, మజ్జిగ పంచేవాళ్ళు. ఆ చివర, నల్లద్దాలు పెట్టుకుని, శామియానా వేసే అతను.

"భాయ్, నేనేదీ?"

"నన్నేమీ అనొద్దక్కా. డాక్టరు సారు పంపిన ఫోటోలే వేసినారు."

"శామియానా అతని ఫోటో కూడా సారే పంపినాడా?"

"అతనే పంపుకున్నాడు. మీరు గూడా ఒకటి పంపుకోని ఉంటే పొయ్యేది గదక్కా!"

అక్కడే నిలబడి డాక్టరు గారికి ఫోన్ చేశాను. "మీరు మా ఇంటి మనిషి సిస్టర్. ఇంటివాళ్ళ ఫోటోలు మనమే వేసుకుంటే ఏం బాగుంటుంది?" అన్నారాయన.

"పెళ్ళి ఫ్లెక్సీల్లో ఇంటివాళ్ళే కదా సార్ ఉండేది. శామియానావాళ్ళుంటారా?"

ఆయన నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆ ఫ్లెక్సీ కట్టిన చోటికి నేను రానని చెప్పాను. నేను రాకపోతే పిల్లలూ రారని కూడా చెప్పాను. "ఇంత చిన్న విషయానికా సిస్టర్?" అన్నారు. "చిన్నదే కదా, మార్చండి" అన్నాను.

పెళ్ళిళ్ళ రోజులు. ఫ్లెక్సీ షాపులో ఆదివారం లోపు కుదరదన్నారు. శిబిరం వారం వాయిదా పడింది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. ఆగొద్దు, ఎలాగైనా తీసుకురా అని కూడా చెప్పాను. "అట్నేమా" అంది. తర్వాత, "ఎందుకు కుదర్లేదుమా?" అని అడిగింది. ఏర్పాట్లు కాలేదన్నాను.

మైపాడుకు బస్సుంది. ఆ ఆదివారం నేనొక్కదాన్ని ఎక్కి పోయి ఉండొచ్చు. చెప్పు తీసి కాలు చూసి, నాలుగు తిట్లు తిట్టి, వెంటబెట్టుకుని వచ్చి ఉండొచ్చు. చీర కూడా మార్చుకున్నాను. పోతే డాక్టరు గారికి తెలుస్తుంది, సిస్టర్ దిగివచ్చింది అనుకుంటారు, ఆ నవ్వే మళ్ళీ నవ్వుతారు. ఆ ఆలోచనతోనే సాయంత్రం దాకా ఇంట్లో కూర్చున్నాను.

వారం మధ్యలో వాయుగుండం పట్టుకుంది. రోడ్డు మీదకు నీళ్ళొచ్చి బస్సులు ఆగిపోయాయి. ఆమె ఫోను కలవలేదు. రెండో ఆదివారం కూడా అలాగే పోయింది. నీళ్ళు కొంచెం తీశాక అధికారులు మా జట్టును ట్రాక్టరు ఎక్కించి పాళేనికి పంపారు. ట్రాలీలో మందుల పెట్టెల పక్కన కొత్త ఫ్లెక్సీ చుట్ట ఉంది. డాక్టరు గారు దాని కొస విప్పి చూపించారు. నా మొహం ఆయన మొహం కంటే పెద్దగా వేయించారు. "ఇప్పుడు సరేనా సిస్టర్?" అన్నారు. పిల్లలు మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

తుఫాను షెల్టర్లో ఆమె భర్త ఒక మూల పడుకుని ఉన్నాడు. కాలికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ విప్పక ముందే వాసన చెప్పేసింది. ఒళ్ళు కాలిపోతోంది. అదే ట్రాక్టరులో ఆయన్ను వెనక్కి తీసుకొచ్చాం. వాన ఇంకా పడుతూనే ఉంది. కప్పడానికి ఆ ఫ్లెక్సీ తప్ప ఏమీ లేదు. పిల్లలు నలుగురు నాలుగు కొసలు పట్టుకున్నారు. నా ఫోటో మీద వాన దబదబ కొడుతుంటే, ఆ కిందనే నేను ఆయన కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. అంత జ్వరంలోనూ ఆయన పైకి చూసి నవ్వాడు. "పైన గూడా మీరే, కింద గూడా మీరే సిస్టరమ్మా. నాకింకేమయితాది?"

కాలు దక్కింది గాని పాదం సగం తీసేశారు. ఇంత ఆలస్యమెందుకైందని సర్జన్ అడిగితే, వెనక నుంచి డాక్టరు గారు "వాన సార్, రోడ్లు లేవు" అన్నారు. నా కోసమే అన్నారు. నేను అది కాదనలేదు. ఆయన నాకు బాకీ పడ్డవన్నీ నాకు గుర్తున్నాయి. ఇది మాత్రం తిరగబడి నా మీదే ఉంది.

ఇప్పుడాయన పడవలో నిలబడలేడు. ఒడ్డున కూర్చుని వలలు బాగుచేస్తాడు. పుండు ఒకసారి మానుతుంది, ఒకసారి పగులుతుంది. ప్రతి ఆదివారం నేనే బస్సెక్కి వెళ్ళి కట్టు మారుస్తాను. ఆ ఫ్లెక్సీని వాళ్ళు వాన జల్లు కొట్టే వైపు తడికకు కట్టుకున్నారు. కట్టు కట్టినంతసేపూ నా ఎదురుగా నేనే నవ్వుతూ ఉంటాను.

మొన్న శనివారం గడప మీద కవరు పెట్టి లేస్తుంటే ఆమెను ఆపాను. ఆ ఆదివారం ఎందుకు రాలేదో మొత్తం చెప్పాను. ఫోటో, శామియానా, డాక్టరు గారి నవ్వు, మార్చుకున్న చీర. తిడుతుందని ఎదురుచూశాను. నేనైతే జన్మలో వదిలిపెట్టను.

"తెలుసుమా," అంది. "ఆ నర్సు బిడ్డలు షెల్టర్లోనే చెప్పినారు."

"తెలిసి ఈ చేపలెందుకు తెస్తున్నావే?"

ఆమె గంప నెత్తికెత్తుకుని, సర్దుకుంటూ, చేపల బేరం చెప్పినంత మామూలుగా చెప్పింది. "మీకు కోపమొస్తే మాకు ఆదివారం ఉండదు గదమ్మా. ఆయన కాలు ఇంకా మీ చేతిలోనే ఉండాది. యాడన్నా ఎవురన్నా మిమ్మల్ని ఒక మాటంటే మేమేం జెయ్యాల?" రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "తింటా ఉండారు గదా?"

"తింటున్నాను" అన్నాను.

కవరు తీసుకున్నాను. వద్దంటే మళ్ళీ నాకు కోపం వచ్చిందనుకుంటుంది.