మనవాళ్ళ డాక్టరే కావాలి

అమెరికాలోని నోవై ఊళ్ళో విజయశ్రీకి మనవాళ్ళు లేనిదే ఏ పనీ జరగదు. పన్నులు చూసేవాడు, పళ్ళు పీకేవాడు, చివరికి కారు బాగుచేసేవాడు కూడా తెలుగువాడే అయి ఉండాలి. పరాయివాళ్ళకు మన కష్టం అర్థం కాదని ఆవిడ గట్టి నమ్మకం. అర్థమైన మనవాళ్ళు దాన్ని ఊరంతా పంచిపెడతారన్న సంగతి మాత్రం ఆవిడకు పట్టదు.

పదిహేడేళ్ళ కూతురు స్మృతి పొత్తికడుపు నొప్పితో, జ్వరంతో మెలికలు తిరిగిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళింది. అక్కడి నర్సు, అమ్మాయితో ఒంటరిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోండి అంది. ఈ వయసు పిల్లలందరినీ అలాగే అడుగుతారట. విజయశ్రీకి ఒళ్ళు మండింది. మా పిల్ల కూచిపూడి నేర్చుకుంటోంది, అలాంటి ప్రశ్నలు మా ఇళ్ళలో అక్కర్లేదని తేల్చేసింది. ఇంతలో తార అనే తెలుగు డాక్టరు కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. ఆ పిల్లది ఏ ఊరో, అమ్మానాన్నలెవరో ఆరా తీసింది. ఇద్దరికీ తెలిసినవాళ్ళను కూడా వెతికి పట్టుకుంది. మా అమ్మాయిని మీరే చూడాలని పట్టుబట్టి, అప్పుడు దర్జాగా బయటికొచ్చి కూర్చుంది.

కాసేపటికే తార వచ్చింది.

"తను నాకేం చెప్పట్లేదు ఆంటీ. నన్ను కూడా ఆంటీ అనే పిలుస్తోంది. మీకు తెలియని డాక్టర్‌కి కేస్ ఇచ్చేస్తున్నా."

"బయటవాళ్ళకి చెప్తుందా అమ్మా?"

"వాళ్ళకే చెప్తుంది."

చెప్పింది కూడా. మూత్రం పరీక్షకు పంపి, ఫలితం వచ్చేదాకా ఆగకుండా ఇంజెక్షన్ ఇచ్చారు, మాత్రలు రాశారు. ఏం జబ్బో చెప్పమని విజయశ్రీ తారను నిలదీస్తే, అది స్మృతే చెప్పాలంది. ఇదేం తెలుగుపిల్లో అని విజయశ్రీ నొచ్చుకుంది.

కార్లో స్మృతే చెప్పింది. సెక్స్ వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్. అప్పుడే లోపలికి పాకింది. ఇంకా ఆలస్యమైతే ముందుముందు పిల్లలు పుట్టడం కూడా కష్టమయ్యేదట. విజయశ్రీకి ముందు కోపం ముంచుకొచ్చింది, ఆ వెనకే భయం.

"నొప్పి మొదలైనప్పుడే నాకెందుకు చెప్పలేదే?"

"చెప్దామనే కిచెన్‌లోకి వచ్చా మమ్మీ. నువ్వు ఫోన్‌లో ఎవరో అమ్మాయి గురించి బ్యాడ్‌గా మాట్లాడుతున్నావ్. వెళ్ళిపోయా."

ఆ అమ్మాయి ఎవరా అని విజయశ్రీ ఇల్లు చేరేదాకా ఆలోచించింది. గుర్తు రాలేదు. అంతమంది గురించి మాట్లాడింది మరి.