డాబా మీద పరుగు

మా తోటికోడలి కాలు పరుగు వల్ల పాడైందని ఎవరైనా అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. పరుగు వల్ల కాదు. మా ఇంట్లోవాళ్ళ భయం వల్ల. ఈ మాట మా అత్తయ్య ముందు అన్నాను, మా మరిది ముందు అన్నాను, అడిగితే మళ్ళీ అంటాను.

ఆవిడది బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దానికున్న చిన్న కంతలోంచి జనంతో మాట్లాడాలి. చిల్లర లేదంటే తిట్లు, బస్సు ఆలస్యమైతే తిట్లు. బస్సు ఈవిడేమన్నా తోలుతుందా? అయినా కిక్కురుమనకుండా కూర్చుంటుంది. ఇంటికొచ్చాక నిలబడే పనంతా ఉండనే ఉంది. చదువుకునే రోజుల్లో బడి తరఫున పరిగెత్తేదట. ఆ సంగతి పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

నలభై దగ్గర పడుతుండగా, ఊళ్ళో ఏటా జరిగే పది కిలోమీటర్ల పరుగుకి ఆఫీసువాళ్ళు పేర్లిస్తుంటే తనూ ఇచ్చింది. సగం నడిచి, సగం పరిగెత్తి, ఎలాగో పూర్తి చేసింది. ఇంటికొచ్చినప్పుడు ఆ మొహం చూడాలి! చెమటతో జుట్టంతా అతుక్కుపోయింది, మాట రావట్లేదు, నవ్వు మాత్రం ఆగట్లేదు.

"అక్కా, వచ్చే ఏడాది గంటలోపు పరిగెడతాను చూడు" అంది. ఆవిడ నోట ఫలానాది నాకు కావాలి అన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

మా మరిది కాదనలేదు. కాదంటే బావుండేది, పోట్లాడేదాన్ని. "పరిగెత్తు, నాకేం అభ్యంతరం? కానీ వీధిలో వద్దు. నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. మా అత్తయ్య వెంటనే, "బంగారంలాంటి డాబా ఉండగా వీధి దేనికమ్మా?" అంది.

ఆ బంగారంలాంటి డాబా సంగతి చెప్తాను వినండి. అంతా సిమెంటు. మధ్యలో నీళ్ళ ట్యాంకు. ఒక పక్కంతా బట్టలారేసే తీగలు. మిగిలిన చోటు రెండు గదులంత కూడా ఉండదు. ఆ ట్యాంకు చుట్టూ తిరగాలి ఈవిడ, గానుగెద్దులాగా. నాలుగడుగులు వేసేసరికి మలుపు, మళ్ళీ నాలుగడుగులు, మళ్ళీ మలుపు. బడి మైదానంలో అలవాటు కాబట్టి ఎప్పుడూ ఎడమకే తిరిగేది. కింద నా వంటింట్లో గిన్నెలు అదిరేవి. మా అత్తయ్య మాత్రం వచ్చినవాళ్ళందరికీ, "మా చిన్నకోడలు పరిగెడుతుంది కానీ గడప దాటదు" అని గొప్పగా చెప్పుకునేది.

కొన్నాళ్ళకి ఎడమకాలికి మోకాలి కింద ముందరి ఎముక పక్కన నొప్పి మొదలైంది. మొదట్లో కాసేపు పరిగెత్తితే తగ్గిపోయేది. సాధన చాలకే నొప్పి వస్తోందనుకుని ఈ పిచ్చిది ఇంకా గట్టిగా పరిగెత్తింది. అలా చేసినకొద్దీ వేగం పెరగడం మానేసి తగ్గుతూ వచ్చింది. తరవాత నడిచినా నొప్పే, మంచం మీద పడుకున్నా నొప్పే. కౌంటర్లో బల్ల కింద కాలు చాపుకుని పనిచేసేది. ఇంట్లో ఎవరైనా వస్తుంటే మామూలుగా నడవడానికి ప్రయత్నించేది. నాకు తెలియదా?

"చెప్పానా! ఆడవాళ్ళ కాళ్ళు వీటికి పనికిరావు. మానెయ్యి" అంది అత్తయ్య.

అంతకుముందు ఏడాదే మా మరిదికి ఆఫీసులో వాలీబాలాడుతూ చీలమండ బెణికింది. అప్పుడు చూడాలి హడావుడి! ఐసు తెచ్చేవాళ్ళొకరు, కాలికింద దిండు సర్దేవాళ్ళొకరు, మంచం దగ్గరికే టీ. "మళ్ళీ ఎప్పుడు ఆడతావురా?" అని ఈ అత్తయ్యే అడిగింది. మగాడి కాలు నొప్పెడితే కాలుకి మందు, ఆడదాని కాలు నొప్పెడితే పరుగు బందు. ఇదెక్కడి న్యాయమండీ?

డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన కాలు ముట్టుకోనన్నా లేదు. "ఈ వయసులో పరుగెందుకమ్మా? హాయిగా నడవండి" అని నొప్పి మాత్రలు రాసిచ్చాడు. నేను ఊరుకుంటానా? ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్ళాను, ఈసారి మా మరిదిని కూడా లాక్కెళ్ళాను. అక్కడ స్కాను తీశాక ఫిజియో డాక్టరమ్మ ఎముక వెంబడి బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చింది. ఒకచోట మా తోటికోడలు అమ్మో అని మంచం అంచు పట్టుకుంది.

"ఎక్కడ పరిగెడతారు?" అని అడిగింది డాక్టరమ్మ.

చెప్పాం. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టేసింది. "గట్టి సిమెంటు మీద, అంత చిన్న మలుపుల్లో, ఎప్పుడూ ఒకే వైపా? బరువంతా ఈ కాలి మీదే పడింది. ఎముక ఇంకా పగల్లేదు. ఇలాగే చేస్తే పగులుతుంది" అంది.

"అయితే మానేస్తుంది లెండి" అన్నాడు మా మరిది. అదేదో తన పరుగైనట్టు!

"పరుగు మానమని నేనన్లేదండీ. డాబా మానమన్నాను."

అని ఏం చెయ్యాలో చెప్పింది. నొక్కితే నొప్పి లేకుండా పోయేదాకా పరుగు వద్దు, ఈలోపు సైకిలు తొక్కమంది. నొప్పి పోయాక మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించుతూ పిక్కలకి బలం తెచ్చుకోమంది. ఆ తరవాత తిన్నగా ఉన్న దారిలో, వీలైతే మట్టి మీద, కాసేపు నడక, కాసేపు పరుగు. పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత నెమ్మదిగానే. "ఎక్కువ రోజులు నెమ్మదిగా పరిగెత్తితేనే వేగం వస్తుంది. రోజూ ప్రాణం మీదికి తెచ్చుకుంటే రాదు" అంది.

ఆ సాయంత్రం ఇంట్లో పంచాయితీ. తిన్నగా ఉన్న దారంటే వీధే కదా. అత్తయ్య ససేమిరా అంది. మా మరిది తల గోక్కుంటూ, "పోనీ కుడివైపు కూడా తిరిగితే సరిపోదా?" అన్నాడు. నిజంగానే అన్నాడండీ! ఎముక పగిలినా ఫరవాలేదు, ఎవరి కంటా పడకూడదు. నేను నోరు తెరవబోయాను, మా తోటికోడలు చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

"మీరు చెప్పినచోటే పరిగెత్తానండీ. మీరు చెప్పినట్టే గడప దాటలేదు. ఈ కాలు మీ మాట విన్న కాలు" అంది. "ఇంక వినదు."

గొంతు పెంచలేదు. అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత ఆవిడ డాక్టరమ్మ చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. సైకిలు మా పిల్లాడిది, సీటు ఎత్తు తక్కువ, మోకాళ్ళు హ్యాండిలుకి తగిలేవి. అయినా తొక్కింది. మా గుమ్మం ముందు మెట్టు మీద గోడ పట్టుకుని మడమలు ఎత్తి దించేది. నెలలు పట్టింది. ఆ ఏడాది ఊరి పరుగు ఆవిడ లేకుండానే జరిగిపోయింది. ఆ రోజంతా కౌంటర్లో టికెట్లు కొట్టి వచ్చి, అన్నం తినకుండా పడుకుంది.

చివరికి వీధిలోకి అడుగుపెట్టిన పొద్దున నేనూ వెంట వెళ్ళాను. నేను నడక, ఆవిడ పరుగు. గేటు దగ్గర ఆగి ఆవిడ వీధి అటూ ఇటూ చూసుకుంది. భుజాలు ముడుచుకుని, తల దించుకుని మొదలుపెట్టింది. పాల ప్యాకెట్లు దించుతున్నవాడు దించుతూనే ఉన్నాడు. ఊడ్చేవాళ్ళు వంచిన తల ఎత్తకుండానే చీపురు పక్కకి జరిపి దారిచ్చి, మళ్ళీ ఊడ్చుకున్నారు. ఎదురింటాయన పేపరులోంచి తలెత్తలేదు. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు బస్సు వచ్చేవైపే చూస్తున్నారు.

మలుపు దాకా వెళ్ళి ఆగింది. నేను ఆయాసపడుతూ చేరుకునేసరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కళ్ళనిండా నీళ్ళు.

"నొప్పిగా ఉందా?" అన్నాను కంగారుగా.

"లేదక్కా. ఒక్కళ్ళు కూడా చూడలేదు" అంది. "ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు. వీళ్ళ కోసమా నా కాలు విరగ్గొట్టబోయారు?"

పమిటచెంగుతో ఆవిడ మొహం తుడిచాను. ముక్కు ఎగబీల్చి, మళ్ళీ నెమ్మదిగా పరుగు అందుకుంది. ఈసారి తల దించుకోలేదు.