స్టీరింగు తిప్పితే కరకర

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ, నా ముక్కు నా ఇష్టం. ఆ కారు విషయంలో మాత్రం నా కోపంలో న్యాయం ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మేం మదనపల్లెలో ఉండేవాళ్లం. నాకు పుంగనూరులో టీచరు ఉద్యోగం. బస్సులో రోజూ నిలబడి కాళ్లు పీకి, ఇంట్లో పోట్లాడి ఒక పాత చిన్న కారు కొనిపించుకున్నాను. మా వీధిలో కారు తోలే ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆ సంగతి ఎవరైనా మరిచిపోతారేమోనని మలుపు దగ్గర అవసరం లేకపోయినా హారన్ కొట్టేదాన్ని.

రెండేళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత స్టీరింగు తిప్పితే సద్దు మొదలైంది. కుడికి తిప్పితే కరకర, ఎడమకు తిప్పినా కరకర, నేరుగా పోతే నోరు మూసుకుని ఉంటుంది. మా ఆయన ఒక సోమవారం పక్కన కూర్చుని విన్నాడు. ఆయనకు తోలడం రాదు, తీర్పు చెప్పడం మాత్రం బాగా వచ్చు.

"నువ్వు స్టీరింగు పట్టుకునేది సూస్తే రోకలి పట్టుకున్నెట్టుంటాది. అరిగిపోకుండా ఏమైతాది? ఆదివారం లోపల ఈ సద్దు పోలేదంటే బండి కుప్పం మామకిచ్చేస్తా. నువ్వు బస్సులో పో" అన్నాడు.

కుప్పం మామ అంటే మా అత్తకు తమ్ముడు. మేం కారు కొన్న రోజు నుంచీ దాని మీద కన్నేసి ఉన్నాడు. మా ఆయన ఊరుకోకుండా ఆ సాయంత్రమే ఫోన్ చేసి, ఆదివారం వచ్చి తీసుకుపొమ్మని చెప్పేశాడు కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ ఆ బస్సు, ఆ ఫుట్‌బోర్డు, లోపలికి జరగమ్మా జరగమ్మా అనే ఆ కండక్టరు. చచ్చినా ఎక్కననుకున్నాను.

వీధిలో తలా ఒక మాట అన్నారు. పక్కింటాయన గ్రీజు లేదన్నాడు, ఎదురింటామె దిష్టి అంది. మదనపల్లె మెకానిక్కు ముందు చక్రాలు ఊడదీసి, బేరింగులు మార్చి, "ఇప్పుడు సూడమ్మా, వెన్నపూసే" అన్నాడు. షెడ్డు గేటు దగ్గర తిప్పానో లేదో, కరకర. ఆయన వెన్నపూసలో రాళ్లున్నట్టున్నాయి.

శనివారం బడి వదిలాక పుంగనూరులోనే ఒక ముసలి సాయిబు దగ్గరికి పోయాను. ఆయన దేన్నీ విప్పలేదు.

"ఇంజిను ఆపమ్మా. ఇప్పుడు తిప్పు."

కరకర.

"ఇంజినుది గాదు." జాకీ పెట్టి ముందు చక్రాలను నేల మీద నుంచి ఎత్తాడు. "తిప్పు."

కరకర.

"టైర్లది గాదు, రోడ్డుది గాదు." పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చి, కొనను ఒక్కో చోటా ఆనించి, పిడికి చెవి పెట్టి విన్నాడు. చివరికి నా మోకాళ్ల దగ్గర ఆగాడు. "ఈడుండాది. నీ చేతుల కిందనే ఉండాదమ్మా."

స్టీరింగు కింద ప్లాస్టిక్ మూతకున్న మరలు విప్పాడు. జలజలమని నా ఒళ్లో బియ్యం పడ్డాయి. పచ్చగా, పసుపు కలిపిన బియ్యం. ఒక పిడికెడు, ఇంకో పిడికెడు, దాని వెనక కొంత పిండి. స్టీరింగుకీ మూతకీ మధ్య సందులోంచి దిగి, తిప్పినప్పుడల్లా నలుగుతున్నాయన్నమాట.

సాయిబు ఒక గింజ తీసి వెలుతురులో చూశాడు. "ముప్పై ఏండ్లుగా బండ్లు రిపేరీ చేస్తాండా. పెండ్లయిన బండిని ఇదే సూసేది" అన్నాడు.

మా ఇంట్లో అక్షింతలు కలిపేది మా అత్త ఒక్కతే. దారి పొడుగునా ఏమేం అనాలో కూడబెట్టుకుంటూ వచ్చాను. వాకిట్లో అనపకాయలు ఒలుస్తోంది. కాగితంలో బియ్యం ముందు పెట్టి ఇదేమిటన్నాను.

"అచ్చింతలు" అంది, నాకు తెలియదేమోనన్నట్టు. "దినామూ నువ్వు నీళ్లు పోసుకునేటప్పుడు స్టీరింగు మింద రెండు ఏస్తాండా. నీ తల మింద ఏద్దామంటే నువ్వు నిలబడవు, గడియారం సూసుకోని ఉరుకుతావు."

"రెండేళ్లుగానా?"

"సెలవు దినాల్లో ఏయలే."

లోపల మా ఆయన నవ్వుతున్నాడు. "రోకలి నాదైతే బియ్యం మీ అమ్మవి" అన్నాను. నవ్వు ఆగింది.

ఆదివారం పొద్దున బస్సుకు కుప్పం మామ దిగాడు, టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలతో సహా. సద్దు పోయిందని చెబితే, "పోతే ఇంకా మంచిదే" అని తాళం కోసం చెయ్యి చాపాడు. మా ఆయన నీళ్లు నమిలాడు, మామకు మాట ఇచ్చేశాడు కదా. నేను పోట్లాడడానికి నోరు తెరిచాను. అంతలో మా అత్త అందుకుంది.

"బండి ఇచ్చేది లేదురా."

"యాల అక్కా, ఎందుకియ్యవు?"

"నేనింకా ఎక్కలే."

మా అత్తకు కారంటే భయమని నేను అనుకునేదాన్ని. ఆమె ఎప్పుడూ అలా అనలేదు. రెండేళ్లలో వస్తావా అత్తా అని నేనూ ఒక్కసారైనా అడగలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను. నాకు బాగా సిగ్గేసింది.

"యాడికి పోదాం అత్తా?" అన్నాను.

"కుప్పం. వీన్ని ఇంటికాడ దించి, మా అమ్మోళ్ల వీధిలో ఒక సుట్టు తిప్పు."

పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. మామ నిమ్మకాయలు ఒళ్లో పెట్టుకుని, మా ఆయనతో పాటు వెనక ఇరుక్కున్నాడు. కుప్పంలో మామను దించి, ఆ వీధి ఒకసారి తిప్పాను, రెండోసారీ తిప్పాను. చిన్నప్పుడు తనతో గుజ్జనగూళ్లు ఆడిన మనిషి ఇల్లు అదేనని అత్త ఒక ఇల్లు చూపించింది, ఆ మనిషి మాత్రం బయటికి రాలేదు. మూడో చుట్టులో ఆ ఇంటి ముందు అత్త నా చెయ్యి పట్టి ఆపింది.

"హారను కొట్టమ్మీ" అంది.