మేనమామ ఎత్తు

ఫ్రిస్కోలో మార్చి సాయంత్రాలు నాకు ఎప్పుడూ సగం నిద్రలో చూసినట్టే గుర్తుంటాయి. గాలి, మట్టి, అప్పుడే కోసిన గడ్డి వాసన, దూరంగా హైవే హోరు. ఆ మెత్తటి వెలుతురులో మా అబ్బాయి బంతి విసురుతూ ఉండేవాడు. పదహారేళ్ళు, బేస్‌బాల్ టీమ్‌లో పిచ్చర్. చెయ్యి వెనక్కి తీసి, ఒక్క క్షణం ఆగి, వదిలేవాడు. ఆ ఆగడం అచ్చం మా తమ్ముడిదే. చీరాలలో వాడు క్రికెట్ బంతి విసిరేటప్పుడూ అలాగే ఆగేవాడు. మేనమామ పోలిక అదృష్టమంటారు మా వైపు. అది తలుచుకుని నాలో నేనే మురిసిపోయేదాన్ని.

ఆ రోజు మాత్రం మామూలు ఆట కాదు. వాణ్ణి చూడ్డానికి స్కౌట్, అంటే కాలేజీలకు ఆటగాళ్ళని ఏరిపెట్టే మనిషి, వచ్చాడు. ఆయన రాసిచ్చే నాలుగు మాటలే కాలేజీ కోచ్‌లకు వెళ్తాయి. అవి బాగుంటేనే ఎవరైనా పిలిచేది. కాలేజీ టీమ్‌లో ఆడాలన్నది వాడికి చిన్నప్పట్నుంచీ ఉన్న ఒకే ఒక్క కోరిక.

స్కౌట్ తెల్లజుట్టాయన, మాటలు తక్కువ. వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకుని కంచె వెనక నిలబడ్డాడు. బంతి వెళ్ళి క్యాచర్ గ్లవ్‌లో ఠప్‌మని పడుతుంటే నాకు కడుపు నిండిపోయింది. ఎంతసేపు అలా కలలో ఉన్నట్టు చూశానో తెలీదు. ఉన్నట్టుండి ఆయన మా దగ్గరికొచ్చి, మా ఆయన్నీ నన్నూ కాస్త లేచి నిలబడమన్నాడు. కిందనుంచి పైదాకా చూశాడు. నా పెళ్ళిచూపుల్లో కూడా ఎవరూ నన్నంత పరీక్షగా చూడలేదు. పిల్లాడు ఇంకెంత పొడుగవుతాడో కన్నవాళ్ళని చూసి అంచనా వేస్తారట. మేమా, ఇద్దరం పొట్టివాళ్ళమే.

మీ కుటుంబాల్లో పొడుగువాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

మా ఆయన తడుముకోలేదు. పిల్లాడి మేనమామ ఆరడుగులుంటాడని చెప్పేశాడు. నేను ఉలిక్కిపడ్డాను. మా తమ్ముడు ఈయన చెవిదాకా కూడా రాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి పొట్టి బావమరిది అని వేళాకోళం చేసిన మనిషే ఈయన. నా మొహం చూసి తెలుగులో గొణిగాడు.

"ఊరుకో. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఇదీ అలాంటిదే."

ఊరుకున్నాను. స్కౌట్ రాసుకోబోతుంటే, నీళ్ళు తాగడానికి మా దగ్గరికొచ్చిన మావాడు ఇంగ్లీషులో, మర్యాదగానే కల్పించుకున్నాడు. లేదు సర్, మా మామ నాకంటే పొట్టి, నేను ఇంతకంటే పెరక్కపోవచ్చు అన్నాడు.

స్కౌట్ రాయబోయింది ఆపేశాడు. చెయ్యి బాగుంది, బంతి అనుకున్నచోటే పడుతోంది, చిన్న కాలేజీలకైతే గట్టిగా రాస్తాను, పెద్ద టీములకు మాత్రం ఈ ఎత్తు చాలదు అన్నాడు. వాడితో చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది.

కార్‌లో మా ఆయన మండిపడ్డాడు. "ఎందుకు చెప్పావురా? పెద్ద కాలేజ్ ఛాన్స్ పోయింది కదా."

వాడు వెనక సీట్లో బూట్లు విప్పుకుంటున్నాడు. "నాన్నా, మామ హైట్ చూసి తీసుకుంటే వాళ్ళు ఎవ్రీ డే చూస్తారు, నేను గ్రో అయ్యానా అని. అది ఎలా ఉంటుందో నాకు తెలుసు."

ఆయన కార్ స్టార్ట్ చేయలేదు. ఇంకో గ్లాసు పాలు తాగు, కాసేపు బార్ పట్టుకుని వేలాడు, పొడుగవుతావు అంటూ రోజూ వాడి వెంటపడేది మేమిద్దరమే.