అనుమానం ఉన్న ఒక్క వరుస

కరోనా తగ్గుముఖం పట్టిన మరుసటి ఏడాది జూన్ మొదటివారంలో, ఎల్‌బీనగర్‌లోని ఒక ట్రస్టు ఆసుపత్రి మందుల విభాగానికి నన్ను చీఫ్ ఫార్మసిస్టుగా వేశారు. అప్పటికి నా సర్వీసు ముప్ఫై రెండేళ్లు, పదవీ విరమణకు ఇంకా రెండేళ్లు. నా కింద నలుగురు ఫార్మసిస్టులు, పైన సూపరింటెండెంటు గారు. చీఫ్ ఫార్మసిస్టు అంటే మందులిచ్చే మనిషని బయటివాళ్లు అనుకుంటారు. నిజానికి సంతకాలు చేసే మనిషి. వార్డుల నుంచి వచ్చే మందుల చీటీలను కింది ఫార్మసిస్టు సరిచూసి సంతకం పెడితే, పక్కన నేను రెండో సంతకం పెట్టాలి. పొద్దున్నే యాభై అరవై కాగితాలు వచ్చేవి. పేరుకు అది రెండో తనిఖీ. నేను మాత్రం మొదటి సంతకం ఎవరిదో చూసి నాది పెట్టేదాన్ని. నమ్మకమైన చేయి అయితే కాగితం చదివేదాన్ని కాదు. నా పై అధికారులు నా కాగితాలకూ అలాగే పెట్టారు కనుక అది తప్పని ఏనాడూ అనిపించలేదు.

పిల్లల వార్డులో మందు మోతాదు బిడ్డ బరువును బట్టి ఉంటుంది. ఆ లెక్కకు మా ఆసుపత్రి ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేది. బరువు, మందు పేరు కొడితే ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో లెక్కగట్టి, సీసాకు అంటించే లేబులు ముద్రించి ఇస్తుంది. ఇలాంటివాటిని ఓపెన్ సోర్స్ అంటారు. ప్రోగ్రాము రాతంతా ఇంటర్నెట్‌లో అందరి కళ్లముందూ ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా దిద్దుబాటు పంపవచ్చు. వచ్చిన దిద్దుబాట్లు చూసి చేర్చే బాధ్యత మాత్రం ఒకరు మోయాలి. ఈ ప్రోగ్రాముకు ఆ ఒకరు ఎస్తేరు. ఇరవై మూడేళ్ల పిల్ల. మా పిల్లల వార్డు ఆయా మరియమ్మ కూతురు.

తల్లీకూతుళ్లు నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చి సరూర్‌నగర్ చెరువు దగ్గర ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు. ఎస్తేరు పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పేది. ఇల్లు గడిచేది దానితోనే. ఆ తర్వాత మెట్రో ఎక్కి మూడో స్టేషన్లో దిగి మా ఆసుపత్రికి వచ్చేది. వార్డు వెనక మెట్ల మీద తల్లి తెచ్చిన డబ్బాలో అన్నం తిని, నా స్టోరు గదిలో సెలైన్ పెట్టెల పక్కన ఒక బల్ల దగ్గర కూర్చునేది. సాయంత్రం దాకా అక్కడే. మా ఇంటర్నెట్ కనెక్షన్ వాడుకోవడానికి సూపరింటెండెంటు గారు దయతలచి ఒప్పుకున్నారు.

ప్రోగ్రాములు రాయడం అంటే కీబోర్డు మీద వేళ్లు పరుగెత్తించడమేమో అనుకున్నాను. ఆమె ఎక్కువసేపు చదివేది, జవాబులు రాసేది. ఎక్కడో ఏజెన్సీ ప్రాంతపు ఆసుపత్రి నర్సు, లేబులు సగమే ముద్రణ అవుతోందని రాస్తుంది. ఇంకెవరో డాక్టరు, ఇంత చెత్త ప్రోగ్రాము జన్మలో చూడలేదని తిడతాడు. ఎస్తేరు ఇద్దరికీ ముందు కృతజ్ఞతలు చెప్పి, తర్వాత మీ దగ్గర ప్రింటరు ఏ రకమని అడిగేది. జీతమిచ్చే పని కాదు కదా, తిట్లు ఎందుకు పడతావని ఒకసారి అడిగాను. "ఆయన తిట్టిండంటే వాడుతున్నడు కదా మేడం. వాడనోడు ఎందుకు తిడతడు," అంది. మరియమ్మకు మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడేది కాదు. పిల్ల ఒక కంపెనీలో కుదురుకుంటే చర్చిలో చెప్పుకోవడానికి ఒక మాట ఉంటుందని నాతో వాపోయేది.

ఆ ప్రోగ్రాములో మందుల పట్టిక మార్చాలంటే ఒక కట్టుబాటు ఉంది. రాసినవాళ్లు ఒకరు, సరిచూసి ఆమోదించే ఫార్మసిస్టు ఇంకొకరు. ఇద్దరి పేర్లూ, సమయమూ, వాళ్లు రాసుకున్న మాటలూ ఇంటర్నెట్‌లో ఆ ప్రోగ్రాము పేజీలో శాశ్వతంగా ఉండిపోతాయి, చెరపడానికి వీల్లేదు. ఆమోదించే పని నేను తీసుకున్నాను. ఎస్తేరు అడిగినప్పుడు, నిజం చెప్పాలంటే, గొప్పగానే అనిపించింది.

రెండో ఏడు ఆగస్టులో ఆసుపత్రి మందుల సరఫరాదారు మారాడు. కొత్త మందులు నలభైకి పైగా పట్టికలో చేర్చాలి. సరుకు ఇంకా రాలేదు కనుక ఎస్తేరు సరఫరాదారు జాబితా చూసి రాసి నాకు పంపింది. మర్నాడు పెట్టెలు దిగాయి. నేను పొద్దుటి చీటీల మీద సంతకాలు ముగించి, అదే ఊపులో కంప్యూటరు తెరిచి, ఎస్తేరు పేరు చూసి, "చూశాను. సరే." అని కొట్టి ఆమోదించాను. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. కొత్త సీసాలు అప్పటికి నా కుర్చీ వెనక ర్యాకులోనే ఉన్నాయి.

ఆ తర్వాత పదో రోజు మధ్యాహ్నం పిల్లల వార్డు నర్సు వచ్చి జ్వరం చుక్కల మందు సీసా ఇంకొకటి కావాలంది. పొద్దున ఇచ్చిన సీసా ఏమైందంటే, అయిపోయిందంది. జ్వరం మందు పసిపిల్లలకు రెండు రకాలుగా వస్తుంది. సిరప్ పలుచన, దాని మీద అయిదు మిల్లీలీటర్లలో ఇంత మందు అని ఉంటుంది. చుక్కల మందు చిక్కన, ఒక్క మిల్లీలీటరులోనే ఇంత అని ఉంటుంది. పదిహేను మిల్లీలీటర్ల చుక్కల సీసా పది కిలోల బిడ్డకు రెండు రోజులకు పైగా రావాలి. రెండు మోతాదులకే ఎలా అయిపోతుంది? ఖాళీ సీసా తెప్పించి లేబులు చూశాను. ఒకటిన్నర మిల్లీలీటరు ఉండాల్సిన చోట ఏడున్నర అని ఉంది. సరఫరాదారు జాబితాలో అన్ని మందులకూ ఒకే శీర్షిక, "అయిదు మిల్లీలీటర్లకు" అని. చుక్కల మందుకూ పట్టికలో అదే ఎక్కి, ఒక మిల్లీలీటరు పోయాల్సిన చోట అయిదు పోయమని లెక్కగట్టింది. బిడ్డకు అయిదింతల మందు రెండుసార్లు వెళ్లింది.

వెంటనే వార్డు డాక్టరుకు చెప్పి, స్టోరు గదిలో ఉన్న ఎస్తేరును పిలిచాను. ఆమె సీసా తిప్పి లేబులు చదివింది. అయినా నన్ను ఒక్క మాట అడగలేదు. "మేడం, ముందు గిది ఆపాలె. గీ పట్టిక మన దగ్గరనే కాదు, ఇంక పదకొండు దవాఖానలల్ల నడుస్తున్నది. ఎట్ల అయిందో తర్వాత సూద్దాం," అని కూర్చుంది. పావుగంటలో ఆ పట్టికను వెనక్కి తీసేసి, వాడుతున్న ప్రతి ఆసుపత్రికీ రాసింది. రాసి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ ఫోను చేసి, ఆ మందు ఎవరికైనా ఇచ్చారా అని అడిగింది. ఇంకెక్కడా ఆ సరఫరాదారు సీసాలు చేరలేదు.

బిడ్డ తల్లిదండ్రులకు డాక్టరు ఆ సాయంత్రమే విషయం చెప్పాడు. కాలేయం దెబ్బతినకుండా విరుగుడు మందు ఎక్కించి, పూటపూటకూ రక్తపరీక్షలు చేశారు. నాలుగో రోజుకు గండం గడిచిందన్నాడు. ఆ నాలుగు రోజులూ నేను అన్నం ఎలా తిన్నానో నాకే తెలియదు.

మొదటిరోజు సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు నేను ఆ పేజీ తెరిచి చూశాను. చుక్కల మందు వరుస పక్కన, నేను ఆమోదించడానికి ముందురోజే, ఎస్తేరు ఒక మాట రాసి పెట్టింది. "మేడం, ఈ ఒక్క వరుస నాకు అనుమానంగా ఉంది. సీసా వచ్చాక లేబులు చూసి చెప్పండి." దాని కిందే నా జవాబు, "చూశాను. సరే."

మర్నాడు సూపరింటెండెంటు గారు సంజాయిషీ కాగితం తయారు చేయించి నా బల్ల మీద పెట్టించారు. జీతం భత్యం లేని ఒక అమ్మాయి రాసిన ప్రోగ్రాములోని లోపం వల్ల జరిగిందని, ఆ ప్రోగ్రాము తీసేస్తున్నామని, ఆమెను ఆవరణలోకి రానివ్వబోమని, తల్లిని కూడా పనిలోంచి తప్పిస్తున్నామని అందులో ఉంది. కింద నా సంతకం కావాలి. ఆ ఇంటర్నెట్ పేజీలు మన వాళ్లెవరూ చూడరని, నాకు ఇంకా పది నెలల సర్వీసు ఉందని ఆయన గుర్తు చేశారు. నా మంచి కోరే అన్నారు. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాను. చదివి, చించలేదు, సంతకమూ చేయలేదు. సొరుగులో పెట్టుకున్నాను.

ఎస్తేరు అదే రోజు తన నివేదిక నాకు పంపింది. ఇలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్లలో పొరపాటు జరిగితే ఎలా జరిగిందో అందరూ చదివేలా రాసి పెట్టడం ఆనవాయితీ. తన భాగం ఆమె రాసేసింది. అనుమానమున్న వరుసను విడిగా ఆపకుండా మిగతావాటితో కలిపి పంపడం తన తప్పని ఉంది. ఆమోదం గురించిన చోటు ఖాళీగా వదిలింది. ఇదేంటమ్మా అని అడిగాను. "మీ ముచ్చట మీరే రాయాలె మేడం. నేను రాస్తే అది మీ మీద ఫిర్యాదు అయితది," అంది. రాయకపోతే ఏం చేస్తావన్నాను. "ఖాళీగనే పెడత," అంది.

ఆ జవాబు విని నాకు కోపం వచ్చింది. బెదిరిస్తే దబాయించి ఉండేదాన్ని, బతిమాలితే జాలిపడి ఉండేదాన్ని. ఏ దారీ ఇవ్వకుండా వెళ్లిపోయింది.

మూడోరోజు మరియమ్మ మందుల చీటీ తెచ్చి, గుమ్మం దగ్గరే నిలబడింది. తీసేస్తారన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది. "మా పోరి తప్పు చేసిందా మేడం? నా నౌకరి సంగతి ఇడిచిపెట్టుండ్రి. మీరు సదువుకున్నోళ్లు, మీరు చెప్తే నేను నమ్ముత," అంది. చేసిందనడానికి నాకు నోరు రాలేదు. చేయలేదంటే, ఎవరు చేశారో చెప్పాలి. "సీసా చూడమని మీ అమ్మాయి నన్ను అడిగింది. నేను చూడకుండానే చూశానన్నాను," అన్నాను. మరియమ్మ చీటీ బల్ల మీద పెట్టి వార్డుకు వెళ్లిపోయింది.

నివేదికలో ఎస్తేరు వదిలిన ఖాళీలో మూడు వాక్యాలు రాయడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. అనుమానం రాసి ఉన్నా చదవలేదని, సీసాలు నా వెనకే ఉన్నా తీసి చూడలేదని, చూశానని రాసింది అబద్ధమని రాశాను. ఆ మూడు వాక్యాలే కాగితం మీద కూడా రాసి, సంజాయిషీగా సూపరింటెండెంటు గారికి ఇచ్చాను. ఆయన చదివి, మీ ఇష్టం అన్నారు.

విచారణ జరిగింది. నాకు రాతపూర్వకంగా మందలింపు ఇచ్చి సర్వీసు రిజిస్టరులో ఎక్కించారు. ఆసుపత్రికి ఏ మందులు కొనాలో తేల్చే కమిటీ నుంచి తప్పించారు. మరియమ్మ ఉద్యోగం నిలిచింది. ప్రోగ్రామును మాత్రం తీసేసి, ఒక కంపెనీది కొన్నారు. ఎస్తేరుకు స్టోరు గదిలో బల్ల లేకుండా పోయింది. నిజం చెబితే అన్నీ చక్కబడతాయని నేనెక్కడా రాయను, అలా జరగలేదు.

పదవీ విరమణ చేసిన నెలలో దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి కోచింగ్ సెంటర్ కింద టీ కొట్టు దగ్గర ఎస్తేరును కలిశాను. మిగతా ఆసుపత్రులు ఇంకా ఆ ప్రోగ్రామునే వాడుతున్నాయి. ఇప్పుడు తీరిక ఉంది, మళ్లీ ఆమోదించే పని ఇమ్మన్నాను. "ఇప్పుడే కాదు మేడం," అంది. ఇంకా కోపం పోలేదా అన్నాను. "కోపం గా రోజే పోయింది. మీరు రాసినంక నాకు ఇంకేం లేదు. కానీ మీరు సూస్తరని నాకు ఇంక తెల్వదు కదా," అంది. కావాలంటే మందుల దుకాణాల్లో సీసాల లేబుళ్లు ఫోటో తీసి పంపమంది. వాటిని వేరే ఊరి ఫార్మసిస్టు సరిచూస్తాడు. ఆమె కంటే ముప్ఫై అయిదేళ్లు పెద్దదాన్ని, మొహం చిన్నబోయింది. అయినా ఒప్పుకున్నాను. పద్నాలుగు నెలలు ఫోటోలు పంపాను. ఆ తర్వాత ఆమే ఆమోదించే పని తిరిగి ఇచ్చింది.

ముప్ఫై నాలుగేళ్లు నేను మనుషులను నమ్మడం, వాళ్ల కాగితం చూడకపోవడం ఒకటే అనుకున్నాను. చూస్తే అవమానించినట్టని, చూడకపోతే గౌరవమని లెక్క. ఎస్తేరు నన్ను క్షమించింది, అయినా నా పని తనిఖీ చేయించింది. ఆమె స్థానంలో నేనుంటే క్షమించిన రోజే పాత పని తిరిగి ఇచ్చేసి, దాన్ని మంచితనం అనుకునేదాన్ని. అలాంటి మంచితనం వల్లే ఒక బిడ్డ నాలుగు రోజులు చావు అంచున ఉంది.